కురియని మేఘమునకు ఛాయాపటము

ఆదోనికిని ఎమ్మిగనూరునకును నడుమ నున్న పెద్దకడుబూరు ప్రాంతమున, మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు చిత్త కార్తె వెడలిపోవువరకు, మనుష్యుల చూపు దినమున కెన్ని మారులు పడమటి దిక్కునకు పోవునో లెక్కించుట కష్టము. గొర్రు కట్టవలెనా, విత్తనము ఇంటనే ఉంచవలెనా, వేసిన పత్తికి కలుపు తీయించి మరికొంత ఖర్చు పెట్టవలెనా అను ప్రశ్నలన్నియు ఆ దిక్కున లేచు మబ్బునే ఆశ్రయించియుండుటచేత, ఇచ్చట మేఘమును చూచుట యనగా దానిని నిలువదీసి అడుగుటయే. మోడము పట్టినదని ఒకరనగా, "పదునన్నా అయితాదంటావా మామా?" అని మరియొకరు అందురు, అంతకుమించి ఆ మబ్బు అడుగు ఎట్లు చదునుగా నున్నదో, తల ఏ వంకకు వాలినదో చెప్పుకొనువారు అరుదు. కురిసిన మబ్బు ఏండ్ల తరబడి జ్ఞాపకముండును. కురియని మబ్బు, దాని రూపమెంత విచిత్రమైనదైనను, ప్రొద్దు గ్రుంకునప్పటికి మాటలలోనుండి కూడ తొలగిపోవును.

అయితే ఈ సీమపై సాగిపోవు మబ్బులలో అధికభాగము కురియనివే. సాలీనా 600 మిల్లీమీటర్ల అటునిటు మాత్రమే వాన పడు నేలపై, వానకాలమంతయు ఆకాశము మబ్బుతో నిండియుండియు నేలకు దిగుట ఏల అంత తక్కువ యని విచారింప బూనినవానికి, కురిసిన మబ్బుకంటె కురియని మబ్బే ఎక్కువ విషయమును చెప్పగలదు. నానాదేశములయందు మేఘములను చూచి మురిసి, వాని ఛాయాచిత్రములను తీసి, ఒకరికొకరు పంపుకొను జనులు ప్రాయికముగ తీయుచున్నది ఇట్టి మబ్బులనే. ఇంగ్లండులో 2005లో గావిన్ ప్రెటర్-పిన్నీ అను రచయిత నెలకొల్పిన మేఘాభిమానుల సంఘమునకు నేడు నూరుకు మించిన దేశములలో సభ్యులు కలరు. నిర్మలమైన నీలాకాశమే మేలను లోకాభిప్రాయమును ఖండించుట వారి వ్రతము. 2022 సెప్టెంబరు 16వ తేదీని వారు మొదటిసారిగా మేఘముల దినముగ జరిపి, ఎచ్చటివారచ్చట తమ నెత్తిపైనున్న ఆకాశమును పటము తీసి పంపవలసినదని లోకమును కోరిరి. మన ఈ పశ్చిమ కర్నూలున ఏడాదిలో ఎక్కువ వాన పడు నెలయు సెప్టెంబరే యగుట కాకతాళీయమే. అయినను నాకది ముచ్చటగనే యున్నది.

ఇది పనిలేనివారి వినోదమని ఎవరైన కొట్టివేయవచ్చును. పైరు వాడుచుండగా మబ్బు సొగసును మెచ్చుమనుట క్రౌర్యమని కూడ అనవచ్చును, ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని మేఘశాస్త్ర చరిత్రను తిరుగవేసి చూచినచో, అందలి ముఖ్యమైన అడుగులలో పెక్కు, వానతో నిమిత్తము లేక మేఘమును మేఘముగ చూచినవారే వేసినట్లు కానవచ్చును. 1802 డిసెంబరులో లండను నగరమున ల్యూక్ హోవర్డ్ అను ఔషధవర్తకుడు ఒక చిన్న గోష్ఠిలో మేఘముల రూపభేదములను గూర్చి ఉపన్యసించి, వానికి సిర్రస్, క్యుములస్, స్ట్రేటస్, నింబస్ అను లాటిను నామములను పెట్టెను. అదే ఏట ఫ్రాన్సున లామార్క్ పండితుడు వేరొక పట్టికను ప్రకటించెను గాని అది నిలువలేదు. పేర్లు ఏర్పడినవి, అయితే లండనుపై క్యుములస్ అనిపించుకొనునదియు, మన దక్కను పీఠభూమిపై మధ్యాహ్నవేళ లేచు తెల్లని గుట్టమబ్బును ఒకటియేనా అను సందేహము ఎనుబది యేండ్లు గడచినను తీరలేదు. మాటచేతను గీతచేతను తీరునది కాదది. కవి నోట మబ్బు పెరుగును, చిత్రకారుని కుంచెలో దిద్దుబాటు పొందును.

దానిని తీర్చుటకు పూనుకొన్నవాడు రాల్ఫ్ ఆబర్‌క్రాంబీ. ఆరోగ్యము చాలక సైనికోద్యోగమును వదలుకొన్న ఈ బ్రిటిషు దొర 1880ల దశకమున రెండు పర్యాయములు భూప్రదక్షిణము చేసి, శీతోష్ణ మండలముల భేదము లేక సముద్రముపైనను కొండలపైనను కనబడిన మేఘములనెల్ల కెమెరాతో పట్టి, వానిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చి చూచి, మేఘముల జాతులు భూమియందంతటను ఒకటియే యని తేల్చెను. ఆ నిర్ణయముపైననే స్వీడనుకు చెందిన హిల్డెబ్రాండ్సన్‌తో కలిసి 1887లో పదిజాతుల వర్గీకరణమును ప్రతిపాదించెను. ఒక ఊరి ఆకాశమును మరియొక ఊరివానికి చూపగలుగుట అను ఈ చిన్న సాధనము లేనిచో, మేఘశాస్త్రము ప్రతిదేశమున వేరువేరుగా పుట్టి వేరువేరుగానే మిగిలియుండెడిది.

ఆనాడు మేఘమును పటమెక్కించుట సామాన్యమైన పని కాదు. గాజుఫలకములపై పూయు రసాయనము నీలికాంతిని అతిగా గ్రహించు స్వభావము గలది. అందుచేత నీలపు ఆకాశమును, తెల్లని మబ్బును ఫలకముపై ఒకే తెలుపుగ కలిసిపోయెడివి. నేల కనబడునంతసేపు కెమెరా కన్ను తెరచియుంచినచో ఆకాశము వట్టి సున్నపుగోడయై నిలుచును. ఆకాశము చెడకుండ ముందుగ మూసినచో నేల చీకటియగును. 1850ల నడుమ గుస్తావ్ లె గ్రే అను ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు సముద్రమునకొక ఫలకము, ఆకాశమునకొక ఫలకము వేరువేరుగ తీసి, రెంటిని ఒకే కాగితముపై అచ్చొత్తెనన్నచో ఆ ఇబ్బంది ఎట్టిదో ఊహింపవచ్చును. తరువాతివారు ఇంకను చమత్కారమైన ఉపాయము కనిపెట్టిరి. నీలాకాశపు వెలుగులో పెద్ద భాగము ఒకే తలమున కంపించును, మేఘపు వెలుగు అట్లు కాదు. కావున నల్లని అద్దమును తగిన కోణమున నిలిపి, అందు ప్రతిబింబించు ఆకాశమును చిత్రించినచో, అద్దము నీలిమను చాలవరకు మ్రింగివేసి మేఘమును మాత్రము తేటగ చూపును. పసుపు గాజును కెమెరాకు అడ్డుపెట్టుట, ఎరుపు గాజును పెట్టుట మున్నగునవి తరువాత వచ్చినవి. నేటి ఫోనులో ఈ శ్రమ లేదు. తెరపై మబ్బు మిక్కిలి తెల్లగనున్న తావును వ్రేలితో తాకినచో, ఫోను తానే వెలుగును తగ్గించుకొని, అంతకుముందు చదునుగ తెల్లగ కనబడిన చోట మడతలను, నీడలను, బుడిపెలను బయటపెట్టును. ఆ ఒక్క తాకుడు తెలియకయే మనవారు తీసిన మబ్బు పటములలో సగము పాడగుచున్నవి.

1896లో ఫ్రెంచి, జర్మను, ఇంగ్లీషు భాషలలో ఒకేసారి వెలువడిన అంతర్జాతీయ మేఘచిత్రావళి ఈ కృషి ఫలము. ఆ పిమ్మట మేఘములను పట్టినవారి ఉద్దేశములు పలుతెఱగులు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్స్ 1922 మొదలు మేఘములను, పిమ్మట నేలయే కనబడకుండ వట్టి మేఘములనే చిత్రించి, ఇది కళయని వాదించెను. జపానులో మసనావొ అబే అను భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్యూజీ పర్వతమునకు ఎదురుగ పరిశీలనాలయము కట్టుకొని, కంటికి కానరాని గాలి ఆ కొండను ఎట్లు చుట్టి పోవుచున్నదో మేఘముల చలనచిత్రములచేత తెలిసికొనుటకు ఏండ్ల తరబడి పాటుపడెను. ఇరువురలో నాకు అబే యందే ఎక్కువ గౌరవము. స్టీగ్లిట్స్ మేఘమునందు తన మనస్సును చూచెను, అబే మేఘముచేత గాలిని చూచెను.

ఔత్సాహికుల పటములు శాస్త్రమునే కదలించిన ఉదాహరణము మన కాలముననే జరిగినది. 2006లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున సీడార్ రాపిడ్స్ అను పట్టణముపై, గాలికి కల్లోలమైన సముద్రమును క్రిందినుండి చూచినట్లు అలలు అలలుగ, చీకటిగ నున్న ఒక మేఘము పోగా, శాస్త్రజ్ఞురాలు కాని ఒక స్త్రీ దానిని పటము తీసి పంపెను. అట్టివే మరికొన్ని దేశదేశములనుండి మేఘాభిమానుల సంఘమునకు చేరగా, ఉన్న పేర్లలో ఏదియు దీనికి అతకదని వారికి తోచి, కొత్త పేరు కావలెనని వాదించిరి. రెడింగ్ విశ్వవిద్యాలయమువారు అట్టి మేఘమేర్పడు వేళ గాలి, ఉష్ణము ఎట్లుండునో పరిశీలించిరి. తుదకు 2017 మార్చి 23న, ప్రపంచ వాతావరణ దినమున, ప్రపంచ వాతావరణ సంస్థ వెలువరించిన కొత్త మేఘచిత్రావళియందు అస్పెరిటాస్ అను పేరుతో అది చోటు సంపాదించెను. ముప్పది యేండ్లకు తిరుగ వ్రాయబడిన ఆ గ్రంథమున ప్రజలు పంపిన పటములు ఎన్నియో కలవు. సామాన్యులు తలయెత్తి చూచుటచేత శాస్త్రగ్రంథము మారుట ఇతర శాస్త్రములలో అంత తరచుగ జరుగు సంగతి కాదు.

ఇక మన ప్రాంతపు మబ్బును దగ్గరగ చూతము. జూను చివర ఒక మధ్యాహ్నమున, వేడి 34 డిగ్రీలు, గాలిలోని తేమ బిందువులుగ మారుటకు చల్లబడవలసిన హద్దు 22 డిగ్రీలు అనుకొందము. నల్లరేగడి వేడెక్కి, దానిని తాకిన గాలి తేలికయై పైకి లేచును. ఆ రెండు అంకెలకు గల భేదమున ఒక్కొక్క డిగ్రీకి సుమారు 125 మీటర్ల చొప్పున లెక్క కట్టినచో, 1500 మీటర్ల ఎత్తున ఆవిరి బిందువులగును. మబ్బు అడుగు గీత గీచినట్లు చదునుగ నుండుటకు ఇదియే హేతువు. ఆ గీత, గాలి చల్లబడి తేమను పట్టియుంచలేని ఎత్తు. ఆదోని చుట్టునున్న రాతికొండలు నేలకంటె ముందుగ కాగును గనుక, తొలి మబ్బు తరచుగ ఆ కొండల తలపైననే పుట్టి, గాలివాలున తూర్పునకు జరుగును. ఇట్టి మబ్బు ఒక ఘనకిలోమీటరు పరిమాణము గలదైనచో, ఘనమీటరునకు అరగ్రాము నీరు అనుకొన్నను, అందు 500 టన్నుల నీరు తేలుచుండును. తలపై 500 టన్నుల నీరు పోవుచుండగా క్రింద పత్తిచెట్టు వాడిపోవుట ఈ దేశపు విడ్డూరము.

ఏల కురియదు? మబ్బులోని బిందువు మిల్లీమీటరులో ఏబదవ వంతు వ్యాసము గలది. సెకనుకొక సెంటీమీటరు వేగమున దిగుచు, క్రిందనుండి లేచు గాలి తగిలినంతనే నిలిచిపోవును. నేలకు చేరగల వానచినుకు రెండు మిల్లీమీటర్లు. వ్యాసము నూరింతలు, కనుక ఘనము పదిలక్షలింతలు. అనగా ఒక్క చినుకునకు పదిలక్షల బిందువులు కలియవలెను. అన్ని బిందువులును ఒకే పరిమాణమున నున్నచో అవి ఒకదానినొకటి తాకుటయే అరుదు. కొన్ని పెద్దవై వేగముగ దిగి చిన్నవానిని మ్రింగినప్పుడే వాన ఆరంభమగును. ఇచ్చట గాలిలో ధూళియు, పొగయు విస్తారము. ప్రతి బిందువును ఏదో యొక రేణువు నాశ్రయించియే పుట్టును గనుక, పంక్తిలో విస్తళ్ళు పెరిగినకొలది ఒక్కొక్క విస్తరిలో పడు అన్నము తగ్గినట్లు, రేణువులు పెరిగినకొలది బిందువులు చిన్నవియగును. అవి వానగ పెరుగుటకు మబ్బు మరింత ఎత్తునకు పోవలసివచ్చును. పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు 2009లో మొదలుపెట్టి, హైదరాబాదు, బెంగుళూరు మున్నగు తావులనుండి విమానముల నెక్కి మబ్బులలోనికే పోయి కొలిచి చూచినదియు ఈ సంగతినే బలపరచినది. పెరుగబోయిన మబ్బుకు పైన పొడిగాలి అడ్డుపడును. తల చీలి, దూదిపింజలై, అరగంటలో కనబడకుండ పోవును. ఆ అరగంటలో ఐదు నిముషములకొక పటము తీసినవాడు, వాన ఎచ్చట ఆగిపోయినదో కంటితో చూచినవాడగును.

ఆ పొడిగాలి ఎచ్చటిదో తెలిసికొనుటకు పడమట సుమారు 300 కిలోమీటర్లు పోవలెను. అరబిక్కడలిపైనుండి నీటితో బరువెక్కి వచ్చు గాలి పడమటి కనుమలను ఎక్కుచు చల్లబడి, తన సొమ్మునంతయు అచ్చటనే దిగవిడుచును. అగుంబెలో సాలీనా 7000 మిల్లీమీటర్లకు పైబడి కురియును. శిఖరము దాటి దిగునప్పుడు అదే గాలి కిలోమీటరునకు పది డిగ్రీల చొప్పున వేడెక్కుచు, పొడియై మనపైకి వచ్చును. అయినను కనుమలు మనకు పూర్తిగ ద్రోహము చేయలేదు. అచ్చట పడిన నీరే తుంగయు భద్రయునై, హోస్పేట వద్ద ఆనకట్టలో నిలిచి, దిగువ కాలువగ ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములకు వచ్చుచున్నది. మంత్రాలయమున భక్తులు స్నానము చేయు నీరును అదియే. గాలి ఒక్క దినములో పైనుండి దాటిపోవు దారిని నీరు వారముల తరబడి నేలపై నడచి వచ్చును.

ఇంతకంటె వింతయైన సంగతి యొకటి ఈ ఆకాశముననే కలదు. దానిని లోకమునకు వివరించినవాడు తెలుగువాడు. జూలై ఆగస్టు నెలలలో క్రింది మబ్బులు పడమటినుండి తూర్పునకు పరుగెత్తుచుండగ, వాని సందులలోనుండి తలయెత్తి చూచినచో, మిక్కిలి ఎత్తున నున్న పల్చని సిర్రస్ తెరలు సరిగ్గ వ్యతిరేకముగ, తూర్పునుండి పడమటికి జరుగుచుండును. ఒకే ఆకాశము, రెండు ప్రవాహములు. సుమారు 14, 15 కిలోమీటర్ల ఎత్తున వానకాలమంతయు గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో తూర్పుగాలి యొకటి దక్షిణాసియా మీదుగ ప్రవహించుచున్నదని పంచేటి కోటేశ్వరము గారు నిరూపించి, 1958లో టెల్లస్ అను శాస్త్రపత్రికయందు ప్రకటించిరి. తరువాత భారత వాతావరణశాఖకు ప్రధానాధికారియైన ఈయన, వేసవిలో టిబెట్టు పీఠభూమి కాగుటకును ఈ గాలికిని సంబంధమును చూపిరి. ఉరుముమబ్బు తల పరచుకొని పడమటికి సాగుచుండగ దాని మొదలు తూర్పునకు జరుగుట పెద్దకడుబూరు చెరువుగట్టుపైనుండి ఎవరైనను చూడదగినదే. నిలుకడగ నుంచిన ఫోనుతో, వేపకొమ్మనో గుడిగోపురపు కొననో గురుతుగ పెట్టుకొని, కొన్ని నిముషములు ఆగి ఆగి తీసిన పటములలో ఈ రెండు ప్రవాహములును విడివిడిగ పట్టువడును. కోటేశ్వరము గారికి బెలూనుల లెక్కలు కావలసివచ్చెను. మనకు గోపురపు కొన చాలును.

మేఘచిత్రావళిలో విర్గా అను పేరుగల రూపమొకటి మన ప్రాంతమునకు స్వంతమా అనిపించును. మబ్బు అడుగునుండి బూడిదరంగు పోగులు వ్రేలాడుచు, సగము దారిలో వంగి, నేలకు చేరకయే అదృశ్యమగును. అది నిజమైన వానయే. చినుకులు బయలుదేరినవి, 1500 మీటర్ల పొడిగాలిని దాటలేక దారిలోనే ఆవిరియైనవి. పోగులు వంగుట, చినుకు చిన్నదియగుచు నెమ్మదించి మబ్బుకు వెనుకబడుటచేత. ఆవిరియగుటకు కావలసిన వేడిని గాలినుండియే తీసికొనుటచేత ఆ గాలి చల్లబడి, బరువెక్కి, ధబాలున నేలకు దిగి దుమ్ము లేపును. వాన పడకయే చల్లని గాలి విసరి, కల్లమునందలి పొట్టును ఎగురగొట్టిన సాయంకాలములు ఈ సీమవారికి కొత్తవి కావు. ఆ గాలికి పడమటనున్న ఆ బూడిద పోగులతో గల చుట్టరికమే ఎక్కువమందికి తెలియదు.

ఉపగ్రహములుండగ నేలపైనుండి తీయు ఈ పటములేల యని అడుగవచ్చును. 1960 ఏప్రిలు 1న ఎగసిన టైరాస్ అను ఉపగ్రహము మేఘములను అంతరిక్షమునుండి చిత్రించినది. మన శ్రీహరికోటనుండియే 2002లో ఎగసిన వాతావరణ ఉపగ్రహమునకు తరువాత కల్పన పేరు పెట్టిరి. 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డి.ఎస్. కూడ అచ్చటనుండియే లేచినది. కాని ఉపగ్రహము మబ్బు నెత్తిని చూచును, కడుపును చూడలేదు. పైన సిర్రస్ తెర పరచుకొన్నప్పుడు దాని క్రింద ఎన్ని అంతస్తుల మబ్బున్నదో, అడుగు ఎంత ఎత్తున నున్నదో, విర్గా దిగుచున్నదో లేదో పైనుండి తేల్చుట కష్టము. అందుకే అమెరికా అంతరిక్ష సంస్థ గ్లోబ్ అను పథకము క్రింద, ఉపగ్రహము నెత్తిపై పోవు వేళకు నాలుగు దిక్కులను, నడినెత్తిని పటము తీసి పంపుడని సామాన్యులను కోరి, ఆ రెండు చూపులను సరిపోల్చుచున్నది. ఆకాశముపై ఆసక్తి మన యువకులకును కొరత లేదు. 2021లో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున పేరెత్తి మెచ్చుకొన్న తిరుపతి యువకుడు సాయిప్రణీత్, సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయుచునే వాతావరణ వివరములను రైతులకు తెలుగున అందించుచు వచ్చినాడు.

పటమునకు విలువ తెచ్చునది దాని వెనుకనుండు వ్రాత. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితయందు మేఘగర్భములను గూర్చి చెప్పుచు, గర్భము నిలిచిన 195 దినములకు వాన కురియునని లెక్క గట్టి, మబ్బు రంగు, ఆకారము, గాలి దిక్కు, తిథి మొదలైనవన్నియు గమనింపవలెనని విధించెను. ఆ లెక్కను నేటి శాస్త్రము అంగీకరింపదు. ఆ గమనించు పద్ధతిని మాత్రము తప్పుపట్టుటకు వీలులేదు. దిక్కు, గంట, ఊరు లేని మబ్బు పటము చూచుటకు బాగుండును, అంతటితో సరి.

ఈ పని ఇచ్చట ఎవరు చేయవలెనన్న, ఏర్పాటు ముందే జరిగియున్నది. పంట చేతికి రాని ఏట పెద్దకడుబూరు, కోసిగి వైపు కుటుంబములవారు పత్తి తీయుటకు, మిరపకాయ కోయుటకు గుంటూరు సీమకు సుగ్గి యను కూలివలసకు పోవుదురు. ముసలివారును బడిపిల్లలును ఇంట మిగులుదురు. ఫోనులు రెండు తావులను ఉన్నవి. నవంబరున బంగాళాఖాతముపైనుండి తూర్పుగాలి వీచు దినములలో, ఒకే మధ్యాహ్నము ఒకే గంటకు, గుంటూరు పత్తిచేనిలో తల్లి తీసిన మబ్బును, మూడువందల కిలోమీటర్లకు పైగ పడమటనున్న ఇంటిముందు కొడుకు తీసిన మబ్బును ప్రక్కప్రక్కన నుంచినచో, సముద్రమునకు దగ్గరనున్నప్పుడు మబ్బు అడుగు ఎంత దిగియుండునో, తేమను పోగొట్టుకొనుచు ఇచ్చటికి చేరునప్పటికి ఎంత ఎత్తునకు పోవునో కంటికే తెలియును. "ఆడ మబ్బుందా నాయనా?" అని ఆ తల్లి ఎట్లును ప్రతిదినము అడుగుచునే యున్నది. జవాబుగ పటమొకటి పంపి, క్రింద దిక్కును గంటను వ్రాసిన చాలును.